మొండికేసిన డీజిల్ ఫిల్టరు: పాత బండి నుంచి ఊడదీసే పద్ధతి

కొత్త ఫిల్టరు చేతిలో లేకుండా పాత ఫిల్టరు మీద చెయ్యి వేయకండి. అసలు విషయం తర్వాత చెప్తాను గానీ ముందు ఈ మాట వినండి, ఎందుకంటే ఈ పనిలో ఒక దశ దాటాక డబ్బా సొట్టపోవడమో చిల్లుపడటమో జరుగుతుంది, ఆ తర్వాత "సరే, రేపు చూద్దాంలే" అని దాన్నే మళ్లీ బిగించే వీలుండదు. నాకీ సంగతి ఒక ఆదివారం సాయంత్రం తెలిసొచ్చింది. మా నాన్న పాత డీజిల్ జీపు, మర్నాడు పొద్దున్నే అందరం పెళ్లికి వెళ్లాలి, స్పేర్ పార్టుల కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఫిల్టరు తిరగలేదని కోపమొచ్చి స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి, డబ్బాకి ఆ పక్క నుంచి ఈ పక్కకి దింపేశాను. తిప్పితే రేకు చిరిగింది గానీ ఫిల్టరు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కింద బకెట్ పెట్టి జీపుని అలాగే వదిలేసి, పట్టుచీరలతో ఆర్టీసీ బస్సెక్కాం. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా పాత డీజిల్ బండ్ల గురించి, అంటే మెకానికల్ పంపు ఉన్న జీపులు, వ్యాన్లు, చిన్న లారీలు, ట్రాక్టర్లు. సీఆర్‌డీఐ ఇంజన్ (కంప్యూటర్ అదుపులో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్త రకం) అయితే ఫిల్టరు ఊడదీయడం దాదాపు ఇంతే గానీ గాలి తీసే పద్ధతి, అంటే ఫిల్టరు మార్చినప్పుడు డీజిల్ దారిలో చేరిన గాలిని బయటికి పంపడం, పూర్తిగా వేరు, అది చివర్లో చెప్తాను, దయచేసి అదొక్కటి దాటేయకండి.

ముందు మీ బండికి ఏ రకం ఉందో చూసుకోండి. ఒకటి డబ్బా రకం, రేకు డబ్బా మొత్తం మర మీద తిరిగి పైనున్న అల్యూమినియం తలకి పట్టుకుని ఉంటుంది, పాడైతే డబ్బాతో సహా మార్చేయడమే. రెండోది గిన్నె రకం, ట్రాక్టర్లలోనూ పాత లారీల్లోనూ రెండు గిన్నెలు పక్కపక్కనే వేలాడుతూ కనిపిస్తాయి, లోపల గుడ్డదో కాగితందో ఎలిమెంట్ ఉంటుంది, నడిమధ్య పొడుగు బోల్టు ఒకటి గిన్నెని పట్టుకుని ఉంటుంది. మైకో కంపెనీ పేరు 2008లో బాష్ అయిపోయినా మన మెకానిక్కుల నోట్లో ఆ గిన్నెలు ఇంకా మైకో ఫిల్టర్లే. ఎక్కువగా మొండికేసేది డబ్బా రకం కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను.

అసలు ఎందుకు పట్టేస్తుంది? తుప్పు అనుకుంటాం గానీ చాలాసార్లు తుప్పు కాదు. డబ్బా పైఅంచున రబ్బరు రింగు ఉంటుంది కదా, పోయినసారి బిగించినవాడు దానికి చుక్క డీజిల్ కూడా రాయకుండా పొడిగా పెట్టి, పైగా చైన్ పానా వేసి బలంగా బిగించి ఉంటాడు. రెండు మూడేళ్లు ఇంజన్ వేడికి ఆ రబ్బరు గట్టిపడి అల్యూమినియానికి జిగురు పెట్టినట్టు అతుక్కుపోతుంది. అంటే మనం పోరాడుతున్నది మరతో కాదు, రబ్బరుతో. ఇది తెలిస్తే పద్ధతే మారిపోతుంది. రబ్బరుని ఒక్కసారి ఆ అంచు నుంచి విడదీస్తే చాలు, మిగతా చుట్లు రెండు వేళ్లతో తిరుగుతాయి. హార్లిక్స్ సీసా మూత పట్టేస్తే మన ఇళ్లలో ఏం చేస్తారు? బలం పెట్టేముందు అంచు చుట్టూ నాలుగు తట్లు తడతారు, కాసేపు వేడినీళ్లలో పెడతారు, తడి లేని గరుకు గుడ్డతో పట్టుకుంటారు. ఇక్కడా సరిగ్గా అదే.

పని మొదలుపెట్టే వేళ గురించి. డీజిల్ అంటుకోదు, పెట్రోలే అంటుకుంటుంది అని చాలామంది ధీమా. మన దేశపు ప్రమాణాల ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే సరిపోతుంది, అంటే ఆ వేడి దగ్గర దాని ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమనొచ్చు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం గాలే 40 దాటుతుంది, ఇంజన్ రేకుల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి పొద్దున పూట, నీడలో, బీడీ సిగరెట్ లేకుండా, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేసి చేయండి. గ్యాస్ బర్నర్‌తో డబ్బాని వేడి చేయమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు, వాళ్లకి దండం పెట్టి పంపించేయండి.

ఫిల్టరు కింద వెడల్పాటి పళ్లెం పెట్టండి. పక్కన ఆల్టర్నేటరో సెల్ఫ్ మోటారో ఉంటే దాని మీద ప్లాస్టిక్ కవర్ కప్పండి, డీజిల్ లోపలికి దిగితే తర్వాత అదో ఖర్చు. ట్రాక్టర్లలో ట్యాంకు ఫిల్టరు కంటే ఎత్తులో ఉంటుంది, ముందు ట్యాంకు కింద ట్యాప్ కట్టేయకపోతే ట్యాంకంతా పొలంలోకి పోతుంది. డబ్బా అడుగున నీళ్లు తీసే స్క్రూ ఉంటే అది వదులు చేసి లోపలున్నదంతా పళ్లెంలోకి దించేయండి. అడుగున వైరు కనిపిస్తే అది నీళ్లు చేరాయని చెప్పే సెన్సారు, దాని ప్లగ్గు ముందే ఊడదీయండి, లేకపోతే డబ్బాతో పాటు వైరు కూడా తిరిగి తెగుతుంది.

ఇప్పుడు అసలు చోటు. ఎటు తిప్పాలి?

నవ్వకండి. పట్టేసింది అనుకున్న ఫిల్టర్లలో సగం మనమే తప్పువైపు తిప్పి ఇంకా బిగించినవని నా అనుమానం. ఎడమకి వదులు, కుడికి బిగువు అని అందరికీ తెలుసు, కానీ అది మర తలని ఎదురుగా చూస్తున్నప్పటి లెక్క. ఫిల్టరు తలకిందులుగా వేలాడుతోంది, మనమేమో బానెట్ ఎత్తి పైనుంచి వంగి చూస్తున్నాం. బండి కింద పడుకుని డబ్బా అడుగు చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పాలి. అదే పైనుంచి చూస్తుంటే ముల్లు తిరిగే వైపే తిప్పాలి. తికమకగా ఉంటే ఒక నీళ్ల సీసా తీసుకుని బోర్లించి, మూత కిందికి వచ్చేలా పట్టుకుని, పైనుంచి చూస్తూ మూత తీయండి, చేతికే అర్థమవుతుంది. ఇంకో సులువు గుర్తు: డబ్బాకి ఎదురుగా నిలబడితే మీ వైపున్న రేకు మీ ఎడమచేతి వైపుకి జరగాలి. నేనైతే మార్కర్‌తో డబ్బా మీదే బాణం గుర్తు వేసేస్తాను, చెమటలు కారుతున్నప్పుడు బుర్ర పనిచేయదు కదా.

తర్వాతి ప్రశ్న, ఎక్కడ పట్టుకోవాలి. పై అంచుకి దగ్గరగా, రబ్బరు రింగుకి రెండు వేళ్లు కిందన. అక్కడ లోపల మందపాటి ప్లేటు ఉంటుంది కాబట్టి రేకు నొక్కుకుపోదు. చాలామంది చెయ్యి అందే చోటని అడుగుభాగం పట్టుకుంటారు, అక్కడ రేకు అప్పడంలాంటిది, కాస్త బలం పెట్టగానే మెలిపడిపోతుంది, మెలిపడిన డబ్బాని తర్వాత ఏ పానా కూడా సరిగ్గా పట్టదు.

వీటన్నిటికంటే ముందు ఇంజన్ ఒక ఐదు నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేసి ఆపండి, బ్యాటరీ తీగ విప్పడం, ట్యాప్ కట్టడం, డీజిల్ దించడం అన్నీ దాని తర్వాతే. బండి అసలు స్టార్ట్ కాకపోతే కాగిన నీళ్లు ఒక చెంబుడు డబ్బా పైఅంచు మీద, అల్యూమినియం తల మీద నెమ్మదిగా పోయండి, వైర్ల మీద పడకుండా. వేడికి రబ్బరు కొంచెం మెత్తబడుతుంది. తర్వాత చెక్క సుత్తితో, లేదా మామూలు సుత్తికి కర్రముక్క అడ్డం పెట్టి, పైఅంచు చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న దెబ్బలు వేయండి. తలని కొట్టొద్దు, అది పోత అల్యూమినియం, పగిలితే ఇక ఫిల్టరు ఖర్చుతో పోదు. అంచున తుప్పు కనిపిస్తుంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక గంట వదిలేయండి, టీ తాగి రండి. కానీ స్ప్రే తర్వాత డబ్బాని పొడిగుడ్డతో బాగా తుడవాలి, జిడ్డు చేత్తో ఏ డబ్బా తిరగదు.

ఇప్పుడు చేత్తో ఒకసారి చూడండి. పాత సైకిల్ ట్యూబు ముక్కని చీల్చి డబ్బాకి చుట్టి రెండు చేతులతో పట్టుకోండి, దొరక్కపోతే ఎమ్రీ పేపర్ గరుకువైపు డబ్బాకి ఆనేలా చుట్టండి. కదిలితే సంతోషం. కదలకపోతే ప్యాంటు బెల్టు. తోలు బెల్టు అయితే గరుకువైపు లోపలికి పెట్టి, డబ్బా చుట్టూ రెండు చుట్లు వేసి, బకిల్‌లోంచి దూర్చి బిగించి, మిగిలిన తోకని డబ్బా వదులయ్యే వైపుకి లాగండి. ఒక్కసారిగా గుంజడం కాదు, బిగువుగా లాగి పట్టుకుని అలాగే ఆగండి. పది లెక్కపెట్టేలోపు చిన్నగా కిర్రుమన్న శబ్దమో, రబ్బరు వదిలిన టప్‌మన్న చప్పుడో వస్తుంది. ఆ చప్పుడు విన్నప్పటి హాయి చెప్తే అర్థం కాదు.

బెల్టుకీ లొంగకపోతే ఫిల్టరు పానా కొనాల్సిందే, ఆయిల్ ఫిల్టరుకి వాడే పట్టీ పానానే దీనికీ పనికొస్తుంది. ఊళ్లో దొరక్కపోతే బోరు పైపులు దించే వాళ్లని అడగండి, వాళ్ల దగ్గర చైన్ పానా ఉంటుంది. దాంతో ఎలాంటి ఫిల్టరైనా తిరుగుతుంది, అయితే గొలుసు డబ్బాని కొరికేస్తుంది కాబట్టి ఆ తర్వాత దాన్ని మళ్లీ వాడే మాట లేదు. ఇక్కడా గొలుసు పైఅంచు దగ్గరే పడాలి. పానా పిడికి పైపు తగిలించి బలం పెంచే అలవాటు మనవాళ్లకి ఎక్కువ, నాకూ ఉంది, కానీ ఇక్కడ వద్దు. డబ్బా నడుమ లోపలున్న మర పైతలలోకి దిగి ఉంటుంది, అతిబలానికి అది వంగినా విరిగినా తలే మార్చాలి.

స్క్రూడ్రైవర్ గుచ్చే ఉపాయం అన్నిటికంటే చివర్లో. గుచ్చక తప్పకపోతే పైఅంచుకి ఒకటిన్నర అంగుళం కిందన గుచ్చండి, అడుగున కాదు. రేకు చిరగడం మొదలవగానే ఆపేయండి, ఇంకో చోట గుచ్చితే తిరుగుతుందని ఆశపడొద్దు, నేను ఆశపడే మూడు చిల్లులు చేశాను.

మరి నాలాగే ఇప్పటికే చింపేసినవాళ్ల సంగతి? కంగారు పడకండి, దారి ఉంది. మిగిలిన రేకుని కత్తిరించి తీసేయండి, లోపలి కాగితం కూడా లాగేయండి. తలకి ఇంకా అతుక్కుని ఉన్నది ఒక గుండ్రటి మందపాటి ప్లేటు, మధ్యలో మర, చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. మొద్దు ఉలి ఒకటి తీసుకుని ఆ ప్లేటు అంచు మీద ఏటవాలుగా ఆనించి, వదులయ్యే వైపుకి సుత్తితో చిన్న దెబ్బలు కొట్టండి, ఒక్కచోటే కాకుండా నాలుగు వైపులా తిరుగుతూ. ఎదురెదురు రంధ్రాల్లో రెండు గట్టి బోల్టులు దూర్చి, వాటి మధ్య ఇనుప కడ్డీ అడ్డం పెట్టి తిప్పినా వస్తుంది. ఉలి జారి అల్యూమినియం మీద గీత పడకుండా చూసుకోవడమే ఇందులో నేర్పు, ఆ గీత రబ్బరు ఆనే చోట పడితే జీవితాంతం గాలి పీలుస్తూనే ఉంటుంది. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, బైకు హెల్మెట్ అద్దం దించుకున్నా సరే. సోమవారం పొద్దున మా జీపుకి సందు చివర ముసలి మెకానిక్కు ఈ పనే చేశాడు, ఉలితో ఏడెనిమిది దెబ్బలు, అంతే. నా రెండు గంటల యుద్ధం గురించి చెప్పబోతే చేతులు తుడుచుకుంటూ "బలం ఎందుకు బాబూ" అన్నాడు.

గిన్నె రకం వాళ్లకి రెండు ముక్కలు. మధ్య బోల్టుకి రింగు పానానే వాడండి, మామూలు పానా అయితే తల అరిగి గుండ్రమవుతుంది. బోల్టు వచ్చినా గిన్నె ఊడిరాకపోతే పక్కనుంచి కర్రతో తట్టండి, సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదీయొద్దు. లోపల స్ప్రింగు, వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్లో ఫోటో తీసుకోండి. రెండు గిన్నెల్లో ఒకదాంట్లో గుడ్డ ఎలిమెంటు, రెండోదాంట్లో కాగితం ఎలిమెంటు ఉంటే ఏది ఎందులో ఉందో అలాగే పెట్టాలి, డీజిల్ ముందు గుడ్డలోంచి పోయి తర్వాత కాగితంలోకి రావాలి.

డబ్బా ఊడాక పాత రబ్బరు రింగు డబ్బాతో పాటు వచ్చిందో లేదో చూడండి. చూడకపోతే ఏమవుతుందంటే, అది తలకే అతుక్కుని నల్లగా కలిసిపోయి ఉంటుంది, దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తాం, రెండు రింగులు ఒకదానిమీద ఒకటి, బండి స్టార్టవుతుంది, పది కిలోమీటర్లు పోయాక ఆగిపోతుంది. వేలి గోరుతో ఆ అంచు చుట్టూ గీకి చూడండి, మెత్తగా తగిలితే అది రబ్బరు, చెక్కముక్కతో గీకి తీసేయండి. అలాగే మధ్య మర తలలోనే ఉందా, డబ్బాతో పాటు ఊడొచ్చిందా అనేది కూడా. ఊడొస్తే దాని మీద రెండు నట్లు ఒకదానికొకటి ఆనేలా బిగించి పాత డబ్బాలోంచి తీసి మళ్లీ తలలో బిగించుకోవాలి.

కొత్తది బిగించడం చిటికెలో పని. రబ్బరు రింగుకి వేలితో శుభ్రమైన డీజిల్ రాయండి. కొందరు కొత్త డబ్బాని డీజిల్‌తో నింపి పెడతారు, తప్పులేదు గానీ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచే పోయండి. నడిమి పెద్ద రంధ్రం వడకట్టిన డీజిల్ పంపుకి వెళ్లే దారి, అందులో పోస్తే మీరు పోసింది వడపోత లేకుండా నేరుగా పంపులోకి పోతుంది. చేత్తోనే తిప్పండి, రబ్బరు తలకి ఆనిందని తెలియగానే అక్కణ్ణించి అరచుట్టు నుంచి ముప్పావు చుట్టు. డబ్బా మీద వేరే లెక్క అచ్చువేసి ఉంటే అదే ఖాయం. పానా వద్దు. మీరిప్పుడు పానా వేస్తే రెండేళ్ల తర్వాత మళ్లీ బెల్టు విప్పేది మీరే.

ఇక గాలి తీయడం. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీదో ఫిల్టరు తల మీదో చేత్తో కొట్టే చిన్న పంపు ఉంటుంది, కొన్నిటికి గుండీని ముందు తిప్పి వదులు చేయాలి. ఫిల్టరు తల మీద గాలి తీసే స్క్రూ ఒకటిన్నర చుట్టు వదులు చేసి పంపు కొడుతూ ఉండండి. మొదట బుసబుసమని నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించండి, పంపు ఆపాక బిగిస్తే మళ్లీ గాలి పీలుస్తుంది. నాజిళ్లకి డీజిల్ పంపే పెద్ద పంపు మీద కూడా అలాంటి స్క్రూ ఉంటే అక్కడా ఇదే. బ్యాటరీ తీగ తగిలించే ముందు కారినదంతా గుడ్డతో బాగా తుడిచేయండి. సెల్ఫ్ ఒక్కో విడత పది సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం ఆగండి, మోటారు కాలిపోతుంది.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే పాత ఇంజన్లలో నాజిల్ పైపుల నట్లు కొంచెం వదులు చేసి, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా డీజిల్ ఎగజిమ్మేదాకా చూసి బిగిస్తారు. ఆ ధార ముందు వేలు గానీ అరచెయ్యి గానీ పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చీమకుట్టినట్టే ఉంటుంది, లోపల కుళ్లుతుంది. అలా జరిగితే పసుపు రాసి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సీఆర్‌డీఐ బండ్లలో ఈ నట్లు అస్సలు ముట్టుకోవద్దు, ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. వాటికి ఫిల్టరు దగ్గర చేతిపంపు ఉంటే అది కొట్టడం, లేదా తాళం ఆన్‌లో పెట్టి ట్యాంకు లోపలి పంపుని ఫిల్టరు నింపనివ్వడం, అంతవరకే.

పాత పెట్రోలు కార్ల సంగతి ఒక్క ముక్కలో. అక్కడ పట్టేసేది ఫిల్టరు కాదు, దాని రెండు చివర్ల రబ్బరు పైపు. లాగొద్దు, ప్లాస్టిక్ ముక్కు విరుగుతుంది. క్లిప్పు వెనక్కి జరిపి పైపుని మెలితిప్పి చూడండి, రాకపోతే బ్లేడుతో పైపు చివర నిలువుగా కోసి తీసి, ఆ పైపు కూడా కొత్తది వేసేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులని ఎలాగూ నమ్మడానికి లేదు. డీజిల్ పనిని ఆరుబయట నీడలో చేస్తే చాలు గానీ, పెట్రోలైతే ఇంజన్ పూర్తిగా చల్లారాకే, దగ్గర్లో పొయ్యి గానీ కరెంటు స్విచ్చు గానీ లేనిచోట చేయండి.

బండి స్టార్టయ్యాక పది నిమిషాలు నడవనిచ్చి ఫిల్టరు అంచు చుట్టూ పొడి కాగితం తిప్పి చూడండి, తడి అంటకూడదు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. ఎప్పుడూ ఒక్క సెల్ఫుకే అందుకునే బండి ఆరోజు మూడు నాలుగు సార్లు కొట్టించుకుంటే, రాత్రంతా ఎక్కడో గాలి పీల్చిందని అర్థం, ముందు చూడాల్సింది ఆ రబ్బరు రింగు, తర్వాత గాలి స్క్రూ కింద వాషరు.